సఫారీకి టీకా సరే, పొలానికి బూట్లేవి?

కెన్యాకు జంతువుల సఫారీ పోవాల్నంటే మొదలు నారాయణగూడకు పోవాలె. అక్కడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌ల ఎల్లో ఫీవర్ టీకా ఏస్తరు. ఏసుకున్న పది రోజులకు గని ఆ కార్డు చెల్లది. కార్డు లేకుంట ఆ దేశంకెళ్లి వచ్చి మన ఎయిర్‌పోర్టుల దిగితే ఆరు రోజుల దాక క్వారంటైన్‌ల పెడ్తరు. ఇగ మలేరియాకు పోకముందు నుంచే గోలీలు, రాత్రికి దోమతెర. జీపు దిగొద్దు, జంతువులకు తిండి పెట్టొద్దు, గడ్డిల నడిస్తే బూట్లు తొడుక్కోవాలె. అన్నీ ముందుగాల్నే చెప్తరు. మంచిదే. ఎవని పానమైనా పానమే.

నేను అడిగేది ఒక్కటే. గంత జాగ్రత్త మన ఊరోళ్లకు ఎందుకు లేదు?

అడివి సూడనీకి ఆఫ్రికా దాక పోనక్కర్లే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లల్ల ఉండి నౌకర్లకు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎల్బీనగర్ దాటితే చాలు. విజయవాడ రోడ్డు మీదనే మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం వేటాడిన జాగ. 1975ల జింకల పార్కయింది, 1994ల నేషనల్ పార్కయింది. 3,758 ఎకరాలు. కృష్ణజింకలు, నెమళ్లు ఉంటయి. నాగుపాములు, రక్తపింజరలు గూడ ఉంటయి.

అక్కడ పాము కనవడితే మనం పక్కకు జరిగి హాస్టల్‌కొస్తం. ఊర్ల అవ్వ, నాయిన గా పాము పక్కపొంటనే దినాం పనిచేస్తరు. నాటేసేటప్పుడు, పత్తి ఏరేటప్పుడు, చీకట్ల మోటర్ ఎయ్యవోయేటప్పుడు. 2000 నుంచి 2019 దాక దేశంల ఏటా దగ్గరదగ్గర 58 వేల మంది పాముకాటుకు సచ్చిర్రని పరిశోధకులు లెక్కగట్టిర్రు. శానమంది పల్లెటూరోళ్లే. 2030 కల్ల ఈ చావులను సగానికి తగ్గిస్తమని 2024 మార్చిల కేంద్రం ప్రణాళిక తెచ్చింది. కాయిదం మీద మంచిగనే ఉన్నది. మరి మీ మండల దవాఖాన్ల విరుగుడు మందు ఉన్నదా? రాత్రి పూట ఎక్కిచ్చే డాక్టర్ ఉన్నడా?

అప్పటిదాక గివి యాదుంచుకోర్రి. కాటు పడితే గట్టిగ కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితోని పీల్చొద్దు. పామును పట్టుకొని దవాఖానకు తేవాల్సిన పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికి మందు ఒక్కటే. మంత్రగాని కాడ పొద్దు గడపొద్దు. కాలు కదలకుంట పెట్టి 108కు ఫోన్ కొట్టాలె. కట్లపాము రాత్రి నిద్రల కరుస్తది, గాటు గూడ సరిగ కనవడది. అందుకే కింద పండేటోళ్లకు దోమతెర దోమకే గాదు, పాముకు గూడ అడ్డమే.

బూట్లు, బ్యాటరీ లైటు, దోమతెర, దవాఖాన్ల మందు. సఫారీకి పోయేటోనికి ఇవి మామూలు సామాను. ఉపాధి కూలీకి, కౌలు రైతుకు గూడ సర్కారే ఇయ్యాలె. ఈసారి పండుగకు ఊరికి పోయినప్పుడు మీ పీహెచ్‌సీకి పోయి అడుగుర్రి. మందు లేదంటే ఊకోవద్దు. పది మంది కలిసి కలెక్టర్ ప్రజావాణిల రాతపూర్వకంగ దరఖాస్తు ఇయ్యుర్రి.