డుంబ్రిగుడలో ఇల్లు కట్టే మేస్త్రీకి నష్టం రేటులో కాదు.. ఘాట్ ఎక్కే ఆటోలో!

ఇల్లు పూర్తయింది.. మేస్త్రీ చేతిలో మాత్రం ఏమీ మిగల్లేదు! ఏజెన్సీలో చిన్న చిన్న పనులు పట్టేవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఇది. 'రేటు తక్కువకు ఒప్పుకున్నా' అని సరిపెట్టుకుంటారు. కానీ లెక్క తీస్తే డబ్బు పోయింది వేరే చోట.

ముందు పని సంగతి చూద్దాం. 2023 నవంబర్ 15న కేంద్రం ప్రారంభించిన పీఎం జన్‌మన్ కింద ఆదిమ గిరిజన తెగలకు దేశవ్యాప్తంగా 4.90 లక్షల ఇళ్లు కట్టాలన్నది లక్ష్యం. ఇంటికి నేరుగా ఇచ్చేది రూ.2 లక్షలు. ఉపాధి హామీ కూలి, మరుగుదొడ్డి డబ్బు కలిపితే రూ.2.39 లక్షలు. కోందు, పోర్జా, గదబ తెగల్లోని పలు శాఖలు ఈ జాబితాలో ఉన్నాయి. అంటే అల్లూరి సీతారామరాజు జిల్లాలో, డుంబ్రిగుడ లాంటి మండలాల్లో ఈ పథకానికి పెద్ద పనే ఉంది. దానికి తోడు అరకు, చాపరాయి వైపు టూరిస్టుల కోసం కట్టే గదులు, వాటికి వైరింగ్, ప్లంబింగ్, టైల్స్.

అయితే ఆ రెండు లక్షలు కొండ మీద సరిపోతాయా? 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వమే మధ్యలో ఆగిపోయిన ఇళ్లకు ఎస్టీలకు రూ.75 వేలు, ఆదిమ తెగలకు రూ.లక్ష అదనంగా ప్రకటించింది. ఇచ్చే డబ్బుకీ, అయ్యే ఖర్చుకీ పొంతన లేదని సర్కారే ఒప్పుకున్నట్టు. మరి ఆ తేడాను అంతవరకూ భరించిందెవరు? చాలాచోట్ల ఇంటి యజమాని, లేదంటే మొత్తంగా పని ఒప్పుకున్న మేస్త్రీ.

ఇక నష్టం ఎక్కడ పుడుతుందో చూడండి. శృంగవరపుకోట నుంచి సరుకు రావాలంటే అనంతగిరి ఘాట్ ఎక్కి, అరకు దాటి డుంబ్రిగుడ చేరాలి. అక్కడి నుంచి కొండ ఊరికి మళ్లీ ఆటోనో, జీపో. మైదానంలో ఒక ఎల్బో మర్చిపోతే పక్క వీధికి వెళ్లి తెచ్చుకుంటారు. ఇక్కడ అదే ముప్పై రూపాయల ముక్క కోసం ఒక ట్రిప్పు కిరాయి, దాంతో పాటు ఇద్దరు కూలీల పూట పోతాయి. ఒక ఇంటికి ఇలాంటి ట్రిప్పులు నాలుగు పడితే లాభం అక్కడే అయిపోయినట్టు.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. పోయిన ఇంటికి ఏమేం వాడారో ఫోన్‌లో ఒక్క లిస్టు ఉంచుకుంటే చాలు. కొత్త పనికి అదే లిస్టు తీసి, దుకాణానికి ముందే వాట్సాప్‌లో పంపి, లోడ్ ఎక్కేటప్పుడు ఒక్కో ఐటెమ్‌కి టిక్ పెట్టడమే. చదవడం రానివాళ్లు సరుకు ఫొటోలు వరసగా పెట్టుకున్నా పని జరుగుతుంది.

రెండోది కొలత. ఈ పథకం ఇంటికి కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు, అంటే దాదాపు 270 చదరపు అడుగులు. స్లాబ్ మందం అర అంగుళం పెరిగిందనుకోండి.. పైన నిలబడి చూస్తే ఎవరికీ కనిపించదు. కానీ ఎం20 కాంక్రీట్ క్యూబిక్ మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు లెక్కన రెండున్నర బస్తాలు అదనం! ఇసుక, కంకర, వాటి కిరాయి వేరే. దీన్ని ఆపేది వంద రూపాయల లోపు దొరికే లెవెల్ ట్యూబ్. నీళ్లు పోసిన పారదర్శక పైపు.. అంతే. లేజర్ కొలత పరికరాలు వచ్చాయి, మంచివే, కానీ ఒక్క గది ఇంటికి అవి అవసరమా అంటే మా ఉద్దేశంలో కాదు.

సిమెంటు మాటకొస్తే, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండే ఈ ప్రాంతంలో పొగమంచు, వాన రెండూ దానికి శత్రువులే. మూడు నెలలు నిల్వ ఉంటే 20 శాతం దాకా బలం తగ్గుతుందని ఇంజనీరింగ్ పుస్తకాలు చెబుతాయి. చలవ పట్టిన గదిలో ఇంకా ముందే గడ్డ కడుతుంది. చెక్కల మీద, గోడకు దూరంగా పేర్చి, పైన టార్పాలిన్ కప్పాలి. ఇది టెక్నాలజీ కాదంటారా? డబ్బు మిగిల్చేది ఏదైనా టెక్నాలజీయే కదా!

అసలు పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. నిబంధనల ప్రకారం ఈ ఇళ్లకు కాంట్రాక్టర్ ఉండకూడదు, లబ్ధిదారే కట్టుకోవాలి. డబ్బు కూడా లబ్ధిదారు ఖాతాలోనే పడుతుంది. కాబట్టి మేస్త్రీ పేరు ఏ కాగితంలోనూ ఉండదు. 'ఆ గోడ ఇంకో రెండు అడుగులు పెంచు అన్నా, తర్వాత చూసుకుందాం' అన్న మాట గాలిలోనే పోతుంది. పని మారిన రోజే, రేటు చెప్పి, ఒక వాయిస్ మెసేజ్ పంపి 'సరే' అనిపించుకుంటే గొడవ సగం తగ్గుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కూడా సాక్ష్యమే. కోర్టులో పెట్టాలంటే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందుకే ఆ మెసేజ్ డిలీట్ చేయకూడదు, ఫోన్ మారిస్తే బ్యాకప్ తీసుకోవాలి.

సిగ్నల్ లేదు కదా అంటారు. నిజమే. 2023 జూన్‌లో రాష్ట్రంలోని మారుమూల ప్రాంతాల్లో 100 జియో టవర్లు ఒకేసారి ప్రారంభించారు, వాటిలో ఎక్కువ భాగం అల్లూరి జిల్లాలోనే. అయినా కొండ మలుపు తిరిగితే సిగ్నల్ పోయే ఊళ్లు ఉన్నాయి. ఇక్కడ తెలుసుకోవాల్సింది, జీపీఎస్‌కు డేటా అక్కర్లేదు. తేదీ, స్థలం ముద్రపడే కెమెరా యాప్‌లు నెట్ లేకున్నా ఫొటో తీస్తాయి. వాట్సాప్ మెసేజ్ కూడా ఫోన్‌లో ఆగి, సిగ్నల్ తగలగానే వెళ్లిపోతుంది.

ఫోన్ తీర్చలేనిదీ ఒకటి ఉంది. పునాది, పైకప్పు అంటూ దశలవారీగా జియో ట్యాగ్ ఫొటో అప్‌లోడ్ అయితేనే తర్వాతి విడత వస్తుంది. ఆ ఫొటో తీయాల్సింది మేస్త్రీ కాదు, సిబ్బంది. వాళ్లు ఊరికి వచ్చేదాకా కూలీల డబ్బు మేస్త్రీ అప్పు తెచ్చి ఇస్తున్నాడంటే, ఆ వడ్డీ కూడా ఇంటి ఖర్చే. మండల స్థాయిలో ఏ రోజు ఏ పంచాయతీకి వస్తారో ముందే చెప్పే ఒక మెసేజ్ గ్రూపు పెట్టడానికి సర్కారుకు పైసా ఖర్చు కాదు.