అవతలి గట్టు నుంచి వచ్చే స్వరం

నిడదవోలు కాలవ గట్టు మీద నిలబడి, దూరంగా బట్టలుతికేవాళ్లని ఎప్పుడైనా చూశారా? బట్ట బండకి తగిలిన కాసేపటికి గానీ 'దబ్' మన్న చప్పుడు మన చెవికి రాదు. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లే వెళ్తుంది మరి. 34 మీటర్ల దూరానికి 100 మిల్లీసెకన్ల ఆలస్యం.

ఫోన్‌కి ఓటీజీ కేబుల్‌తో చిన్న మిడి కీబోర్డు తగిలించి, సింథ్ యాప్‌లో వాయించేవాళ్లకి సరిగ్గా ఇదే బాధ. కీ ఇక్కడ నొక్కితే స్వరం అవతలి గట్టు నుంచి వస్తుంది. ఇంట్లో ఒక్కళ్లమే అయితే సర్దుకుపోవచ్చు. చర్చిలోనో, భజనలోనో, కోట సత్తెమ్మ తిరునాళ్ల ఆర్కెస్ట్రాలోనో పక్కన డోలక్ ఉంటే మాత్రం పరువు పోయినట్టే. "వీడికి తాళం రాదురా" అనేస్తారు. పాపం, తాళం తప్పింది వేలు కాదు, ఫోను.

ముందు చెవిలో ఉన్న బ్లూటూత్ బడ్స్ తీసేయండి. శబ్దాన్ని కుదించి, గాల్లో పంపి, మళ్లీ విప్పేసరికి తరచూ 100 మిల్లీసెకన్లు దాటిపోతుంది. సినిమా చూసేటప్పుడు అది తెలీదు, ప్లేయర్ బొమ్మని కూడా ఆ మేరకు ఆపి చూపిస్తుంది కాబట్టి. మీ వేలిని అలా ఆపలేదు కదా! వైరున్న ఇయర్‌ఫోన్సే దిక్కు.

తర్వాతది బఫర్. సింథ్ శబ్దాన్ని చుక్కచుక్కగా కాకుండా బిందెల లెక్కన అందిస్తుంది. మీరు కీ నొక్కేసరికి ఒక బిందె ఒలుకుతూ ఉంటుంది, అది అయ్యాకే మీ స్వరం వంతు. సెకనుకి 48,000 శాంపిల్స్ చొప్పున, 1,024 శాంపిల్స్ బిందె ఖాళీ అవ్వాలంటే 21 మిల్లీసెకన్లు. 256 అయితే 5 చిల్లర. పైగా దారిలో ఇలాంటి బిందెలు ఒకటికి మించి ఉంటాయి. అలాగని మరీ చిన్నది పెడితే, ప్రాసెసర్ టైముకి నింపలేక చిటపటలు మొదలవుతాయి. 512 దగ్గర మొదలెట్టి, చిటపట వినపడేదాకా తగ్గించి, ఒక మెట్టు వెనక్కి రండి. రివర్బ్ ఆపేస్తే ప్రాసెసర్‌కి ఇంకాస్త ఊపిరాడుతుంది.

ఆండ్రాయిడ్ 8తో 2017లో వచ్చిన ఏఆడియోని వాడుకునే యాప్ అయితే మేలు. విండోస్ ల్యాప్‌టాప్‌లో అయితే ఏసియో డ్రైవర్ వేసుకోవాలి. కొత్త ఫోన్ కొనడం గురించి ఇవన్నీ అయ్యాకే ఆలోచించండి.

సున్నా కోసం మాత్రం పాకులాడొద్దు. స్పీకర్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడ్డ గిటారిస్టుకి కూడా 9 మిల్లీసెకన్లు ఆలస్యమే, అతనేం గొడవ పెట్టట్లేదు. ఒకసారి 5, ఒకసారి 20 అని ఊగేదాని కంటే నిలకడగా ఉండే 12 నయం.

మీది ఎంతో తెలుసుకోవాలంటే, ఫోన్ స్పీకర్ ఆన్ చేసి కీని గోటితో టక్కున కొట్టండి. పక్కనే ఇంకో ఫోన్‌లో రికార్డు చేసి, ఆడాసిటీలో తెరవండి. గోటి చప్పుడు ఒక ముల్లు, స్వరం ఇంకో ముల్లు. ఆ రెంటి మధ్య దూరమే మీ ఆలస్యం.