ఆదిలోనే హంసపాదు



తాళపత్రాలలో లేఖకుడు అక్షరమొకటి విడిచినచోట పెట్టే గుర్తు హంసపాదు. అది నడుమ వస్తే పాఠకుడు సవరించుకొని సాగిపోతాడు. మొదటి పంక్తిలోనే వస్తే ఆ ప్రతి మీదనే నమ్మకం సడలుతుంది. నీటినీ గాలినీ కంప్యూటరులో పారించి లెక్కగట్టే శాస్త్రంలో ఈ సామెతకు సరిగా అమరే చోటొకటి ఉన్నది. ఇంజనీర్లు దానిని ఇన్‌లెట్ బౌండరీ కండిషన్ అంటారు. నేను ప్రవేశ నియమమంటాను.

విషయం సామాన్యుడికి అందనిదేమీ కాదు. నావియే, స్టోక్స్ అనే పండితులు 19వ శతాబ్దంలో కూర్చిన సమీకరణాలు ప్రవాహం ఏ రీతిని నడుస్తుందో చెబుతాయి. కాని మనం లెక్కకు తీసుకొన్న మేరలోనికి ఎంత నీరు, ఏ వేగంతో, ఏ వేళకు ప్రవేశిస్తున్నదో అవి చెప్పవు. అది మనిషి చెప్పవలసినదే. సోమశిల నుండి ఊటుకూరు వద్ద సముద్రం దాకా మన పెన్నను లెక్కగట్టాలంటే, సోమశిల దిగువన ఎంత నీరు వస్తున్నదో, అవతల కడలి మట్టమెంతో ఇవ్వాలి. రెండు కొసలా ప్రవాహాన్నే నిర్ణయించి కూర్చుంటే, వచ్చిన నీటికీ పోయిన నీటికీ పొత్తు కుదరక లెక్క కూలిపోతుంది.

నా వివాదం ఇక్కడనే. ఇంత గురుతరమైన నిర్ణయాన్ని ఎందరో చేయవలసినంత శ్రద్ధతో చేయరు. నది అడుగున నిదానంగానూ, పైన వడిగానూ పారుతుందని పశులకాపరికి కూడా తెలుసును. అయినా ప్రవేశం వద్ద అడుగు నుండి పైదాకా ఒకే వేగం నింపుతారు. నీటి సుడులెంతో అడిగితే సాఫ్ట్‌వేరు ముందే రాసి ఉంచిన అంకెను అలాగే వదలుతారు. ప్రవేశ రేఖను వంతెనకు ఆనుకొనే గీస్తారు. అది ఎగువన, తిన్నగా పారే చోట ఉంటే ప్రవాహం తన సహజరూపం దిద్దుకొనేది కదా!

ప్రశ్నిస్తే “లెక్క కుదిరింది, దోషం సున్నాకు చేరువయింది” అంటారు. అయ్యా, యతిప్రాసలు కుదిరినంత మాత్రాన పద్యం సత్యం పలికినట్లా? కంప్యూటరు మీరిచ్చిన సమస్యను పూరించింది. సమస్య సరియైనదేనా అన్నది దాని పని కాదు.

2021 నవంబరును స్మరించండి. 19వ తేదీ వేకువన వాయుగుండం పుదుచ్చేరి, చెన్నైల నడుమ తీరం దాటింది. ఆనాడే కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. గేట్లు పంపగలిగిన దానికంటె మిక్కిలిగా నీరు వచ్చిపడింది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి పని చేయనే లేదు. చెయ్యేరు పెన్నలో కలిసేది సోమశిలకు ఎగువన. ఆ వెంటనే పెన్న పొంగి, నెల్లూరు పక్కన పడుగుపాడు వద్ద రైలుకట్టను కోసివేసింది, జాతీయ రహదారిని తెంచింది.

దీనినుండి నేర్వవలసిన పాఠాలు రెండు. ఒకటి: ప్రవేశ నియమం ఒంటరి అంకె కారాదు, గంటగంటకు మారే వరద వరుస కావాలి. రెండు: మన తీరాన వానను తెచ్చేదీ, కడలిని ఉబ్బించేదీ తరచుగా ఒకే వాయుగుండం. కనుక ఎగువ నీటిని ఒక పుస్తకం నుండి, దిగువ మట్టాన్ని ప్రశాంత దినపు పట్టిక నుండి తీసి అతికించడం అసంబద్ధం. పోటు మీద ఉన్న సముద్రం ఏటి నీటిని వెనుకకు నెట్టుతుంది. రెంటి వేళలూ కలిస్తే విడవలూరు, ఇందుకూరుపేట మండలాల పొలాల గతి ఏమిటి?

“అయితే ప్రతి లెక్కకూ ప్రళయాన్నే తీసుకొందామా? సగం జిల్లాలో ఇల్లు కట్టరాదంటారా?” అని ఆక్షేపణ రావచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. అతిగా ఊహించినా పేదవాడికే నష్టం, వాడి స్థలమే ముంపు పటంలో చేరుతుంది. అందుకే నేను పెద్ద అంకె కోరడం లేదు, బహిరంగమైన అంకెను కోరుతున్నాను. మూడు నాలుగు ప్రవేశాలతో లెక్క చేయండి. అంకె కొంచెం మారితే ముంపు ఎంత మారుతుందో చూపండి. ఆ అంకె కొలిచినదో, ఊహించినదో మొదటి పుటలోనే, తెలుగులో వ్రాయండి. రంగుల పటాలు తరువాత చూస్తాము.

“తెలుగు పండితునికి ఇదంతా ఎందుకు?” అనేవారికి నా సమాధానం ఒక్కటే. నీరు వచ్చినప్పుడు అది పట్టా చూసి ఇంట్లోకి రాదు. లెక్క మీది కావచ్చును, మునిగే ఊరు మాది. మా ఊరిలోనికి ఎంత నీరు వస్తుందని మీరు అనుకొన్నారో అడిగే అధికారం మాకున్నది.