ప్యాడ్ మందం బిల్లు మీద రాయండి

ఆర్టీసీ గ్యారేజీలో బ్రేకుల పని చూసి రిటైరైనవాణ్ణి, ఉండేది తిరుపతిలో. మా వీధిలో ఎస్‌యూవీ కొన్న ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు గేటు దగ్గర ఆగి అడిగేది ఒకటే: ‘‘సార్, దీని బ్రేకులు ఎన్ని వేలు వస్తాయి?’’ షోరూములో ముప్పై వేల కిలోమీటర్లన్నారట. బయటి మెకానిక్ యాభై దాకా లాగించొచ్చన్నాడట. రోజూ హైవే మీద తిరిగే బావమరిదేమో డెబ్బై వేలైనా ప్యాడ్లు ముట్టుకోలేదట. ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. అందుకే నేను అంకె చెప్పను, చక్రం విప్పించి చూడమంటాను. ఆ మాట ఎవరికీ నచ్చదు.

కొత్త ప్యాడ్ మీద రాపిడికి పనికొచ్చే సరుకు మామూలుగా 10 నుంచి 12 మిల్లీమీటర్లుంటుంది. 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చేయాలి. అంటే మనం ఖర్చు పెట్టుకోగలిగింది అటూ ఇటూగా ఎనిమిది మిల్లీమీటర్లు. అది ఎన్నాళ్లొస్తుందో కాలిని బట్టి, బరువును బట్టి, దారిని బట్టి ఉంటుంది. అమీర్‌పేట నుంచి మియాపూర్ దాకా రోజూ బంపరుకు బంపరు తగిలేలా పాకే బండికీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రమే తిరిగే బండికీ మీటరు మీద ఒకే అంకె ఉండొచ్చు. ప్యాడ్లు మాత్రం ఒకేలా ఉండవు. పైగా ఎస్‌యూవీ బరువు తక్కువేం కాదు, ఏడుగురు ఎక్కి పైన సామాను కట్టారంటే కొన్ని బండ్లు రెండున్నర టన్నుల దాకా వెళ్తాయి. బరువు రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన వేడి రెట్టింపే అవుతుంది. అదే వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఎనభైలో వెళ్లేవాడు వందకు పెంచితే, ఆపేటప్పుడు పుట్టే వేడి 56 శాతం పెరుగుతుంది. ఆ ఇరవై మన కంటికి ఇరవైలాగే కనిపిస్తుంది.

మా ఊళ్లో ఉన్నవాడికి కొండ లెక్క చెప్పకుండా ఎలా కుదురుతుంది? తిరుమల నుంచి వాహనాలు దిగేది 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీద. 36 మలుపులు, దాదాపు 700 మీటర్ల ఎత్తు నుంచి దిగుడు. గాలి, టైర్లు, ఇంజను తీసుకునే వాటా పక్కన పెట్టి, దిగుడంతా బ్రేకులే మోశాయనుకుందాం. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వస్తున్న బండిని ఇంచుమించు 18 సార్లు పూర్తిగా నిలిపితే ఎంత వేడి పుడుతుందో అంతా ఆ ఒక్క దిగుడులోనే పుడుతుంది. బయట రోడ్డు మీద వందలో నుంచి పూర్తిగా ఆపే అవసరం రోజుకు ఎన్నిసార్లు వస్తుంది? ఇక్కడ అదంతా గంటలోపే. ఇంజనుకు దాని వాటా ఇస్తే సగం బాధ తీరుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో దాదాపు ఆ గేరులోనే దిగాలని మా ఘాట్ డ్రైవర్లు పాతకాలం నుంచీ చెప్పేదే. ఇప్పుడొస్తున్న ఆటోమేటిక్ బండ్లలో దీన్ని మరిచిపోతున్నారు. లీవరు ‘డి’లో పెట్టి, కాలు బ్రేకు మీద పెట్టి కిందిదాకా వచ్చేస్తారు. ఆ లీవరుకే మాన్యువల్ మోడో, ‘ఎల్’ అనే అక్షరమో ఉంటుందని, అది ఇలాంటి చోట్లకేనని షోరూములో చెప్పరు. సన్‌రూఫ్ ఎలా తెరవాలో మాత్రం అరగంట చెబుతారు.

ఇంకొందరు న్యూట్రల్‌లో దిగుతారు, డీజిల్ మిగులుతుందని. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజెక్టర్లు చమురు ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి చమురు తాగుతుంది. అంటే బ్రేకులూ పోగొట్టుకుని, డీజిలూ పోగొట్టుకుంటారు.

దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని కొండ మీద నిబంధన ఉంది. అంతకన్నా ముందు కిందికొస్తే జరిమానా. దాని ఉద్దేశం బ్రేకు చల్లబడటానికి సమయమివ్వడం కూడా. మనవాళ్లు దాన్నీ గెలిచారు. సర్రున దిగిపోయి, చెక్‌పోస్టుకు కాస్త ముందు రోడ్డు పక్కన ఆగి సెల్‌ఫోన్ చూసుకుంటూ మిగిలిన నిమిషాలు గడుపుతారు. ఆ ఆగిన బండ్ల పక్క నుంచి నడిస్తే కాలిన వాసన ముక్కుకు తగులుతుంది. అడిగితే క్లచ్ వాసనంటారు.

ప్యాడ్ అరగలేదు కాబట్టి బ్రేకు బాగుందనుకోవడం ఇంకో పొరపాటు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఘాట్ రోడ్డులో క్యాలిపర్ దగ్గర ఆ వేడి పుట్టడం పెద్ద కష్టం కాదు. ఆయిల్ మరిగితే బుడగలు వస్తాయి, తొక్కిన పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది. ఏబీఎస్ ఉందిగా అంటారు. చక్రం బిగుసుకుపోయి జారకుండా చూడటం దాని పని, లేని పట్టును అది తీసుకురాలేదు. బండి తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి ఆ ఆయిల్ మార్పించాలి. నేను అడిగినవాళ్లలో ఎక్కువమందికి ఇంజను ఆయిల్ ఎప్పుడు మార్చారో తేదీతో సహా గుర్తుంటుంది, బ్రేక్ ఆయిల్ మాటెత్తితే మొహాలు చూసుకుంటారు.

చాలా ప్యాడ్లకు అరుగుదల దగ్గరపడినప్పుడు డిస్కుకు తగిలి కీచుమనే చిన్న రేకు ఉంటుంది. మంచి ఏర్పాటే. కానీ అద్దాలు బిగించి, ఏసీ వేసి, ఎనిమిది స్పీకర్లలో పాటలు పెట్టుకున్న బండిలో ఆ కీచు ఎవరికి వినపడాలి?

ఇక ప్రభుత్వం సంగతి. ట్యాక్సీ, లారీ, బస్సులకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, అన్నేళ్లూ దాని బ్రేకు చూపించమని అడిగే నాథుడు లేడు. పొల్యూషన్ సర్టిఫికెట్ పొగను చూస్తుంది. ఇన్సూరెన్సు గడువు దాటకుండా కట్టుకుంటే బండి మొహం కూడా ఎవరూ చూడరు. 2023లో వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు చూసి జనం బండ్లు కొంటున్నారు, సంతోషమే. అయితే అవి కొత్త బండికి ఇచ్చినవి, ఐదేళ్ల తర్వాత దాని ప్యాడ్ ఎంత మిగిలిందో వాటికి తెలియదు. బ్రిటన్‌లో సొంత కారుకైనా మూడేళ్లు నిండాక ఏటా పరీక్ష ఉంది, అందులో బ్రేకులూ ఉన్నాయి. ఇక్కడ కోట్ల బండ్లను ఏటా క్యూలో నిలబెట్టమని నేననను. మన క్యూల సంగతి నాకు తెలుసు.

నేనడిగేది చిన్నపని. సర్వీసు బిల్లు మీద నాలుగు చక్రాల ప్యాడ్ల మందం మిల్లీమీటర్లలో రాయాలి. వెనక డ్రమ్ములున్న బండైతే లైనింగ్ మందం రాయాలి. పక్కనే డిస్కు మందం, ఎంతకు తగ్గితే మార్చాలో ఆ హద్దు (చాలా డిస్కుల మీద చెక్కే ఉంటుంది), బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీ. రవాణా శాఖ ఒక ఉత్తర్వుతో దీన్ని తప్పనిసరి చేయొచ్చు. టైర్లు అటుదిటు మార్చడానికి చక్రాలు ఎలాగూ విప్పుతారు, కొలిచే గేజికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇప్పుడు మన చేతికొచ్చే బిల్లులో ఏముంటుంది? ‘బ్రేక్ క్లీనింగ్’ అని ఒక రేటు, ‘చెక్డ్ ఓకే’ అని ఒక ముద్ర.

సర్వీసు సెంటర్ల వాళ్లు దీనికి ఎందుకు ఇష్టపడరో నాకు తెలుసు. ఆరు మిల్లీమీటర్లున్న ప్యాడ్‌ను అయిపోయిందని చెప్పి మార్చేయడం అంకె రాస్తే కష్టమవుతుంది. మా వీధిలోనే ఒకాయనకు అలా మార్చిన పాత ప్యాడ్లను అడిగి తెప్పించుకోమని చెప్పాను. తెచ్చాడు, కొలిచి చూస్తే ఇంకో ఏడాదికి సరిపోయేవి. రెండు మిల్లీమీటర్ల ప్యాడ్‌ను ఓకే అని పంపించడమూ అంతే కష్టమవుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకైతే ఈ బిల్లులు మరీ పనికొస్తాయి. మీటరు వెనక్కి తిప్పొచ్చు, సీట్లకు కొత్త కవర్లు వేయొచ్చు. వరసగా నాలుగు సర్వీసుల్లో ప్యాడ్ మందం ఎలా తగ్గుతూ వచ్చిందో చూస్తే, పాత యజమాని కాలు ఎలాంటిదో బండి ఎక్కకముందే చెప్పొచ్చు.