మూడేళ్ళు ఒక్క యేడాది ఎట్లా అయింది?

భవానీపురంలో మా వీధి చివరి ఇంటి కుర్రవాడు పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌లో చేరాడు. తండ్రి లారీ డ్రైవరు. డిప్లొమా అయితే మూడేళ్ళలో చేతికి పని వస్తుందని ఆ యింటి ఆశ. కుర్రవాడు మెకానికల్ డిప్లొమా ముగించి, ఆటోనగర్ షెడ్డులో శిక్షణ పొంది, ఈసెట్ రాసి, ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరాడు. మొన్న వచ్చి నా బల్ల మీద రెండు నోటు పుస్తకాలు పెట్టాడు. ఒకటి డిప్లొమాది, రెండవది బీటెక్‌ది. రెండింటిలోనూ అవే దూలాలు, అవే బెండింగ్ మూమెంట్ పటాలు. "మాస్టారూ, ఇది నాకు వచ్చునని ఎవరితో చెప్పుకోవాలి?" అన్నాడు.

ఇంజనీరింగు కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. జవాబు చెప్పలేకపోయాను. అందుకే యీ నాలుగు మాటలు రాస్తున్నాను.

మూడేళ్ళ డిప్లొమా విశ్వవిద్యాలయం గుమ్మంలో ఒక్క యేడాదికే చెల్లుతున్నది. కొందరు మిత్రులు, వారిలో అభ్యుదయవాదులూ వున్నారు, ఇలా వాదిస్తారు: ఇంటరు మీదుగా వెళ్ళినా పదో తరగతి తర్వాత ఆరేళ్ళే, డిప్లొమా మీదుగా వెళ్ళినా ఆరేళ్ళే, ఇక నష్టమేమిటి?

లెక్క తప్పు కాదు. కాని అది కాలం లెక్క, చదువు లెక్క కాదు. ఆ రెండేళ్ళలో ఇంటరు విద్యార్థి దూలాలు చదవలేదు, లేతు ముందు నిలబడలేదు. వీడు చదివాడు, నిలబడ్డాడు. ఈసెట్‌లో 200 మార్కులకు 100 మార్కులు ఇంజనీరింగు విషయానివే. ఆ నూరు మార్కులకు పరీక్షించి, వచ్చునని లోపలికి రానిచ్చి, మళ్ళీ రానివాడి కిందనే కూర్చోబెట్టడం యే న్యాయం? అతనికి నిజంగా కొరతైన గణితాన్ని మాత్రం, మొదటి సంవత్సరం చదివినవాళ్ళతో పాటు అదే వేగంతో పరుగెత్తి అందుకోమంటారు. వచ్చినదానికి విలువ లేదు, రానిదానికి సాయం లేదు.

ఇక ప్రభుత్వం వారు చదువుకు బ్యాంకే పెట్టారు. 2020 జాతీయ విద్యా విధానం వెంట 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నియమావళి వచ్చింది. 2023లో వచ్చిన క్రెడిట్ చట్రం 30 గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్ అన్నది. వినడానికి బాగానే వున్నది. కాని 2021 నియమావళి ప్రకారం క్రెడిట్ల ఆయువు గరిష్ఠంగా ఏడేళ్ళు. కూలి కోసం చదువు మానేసి, ఎనిమిదో యేట తిరిగి వచ్చే కార్మికుడి డిపాజిట్టు మురిగిపోతుందన్నమాట. తండ్రి ఖర్చుతో ఆగకుండా చదివేవాడికి యీ గడువుతో పని లేదు. నియమం అందరికీ ఒకటే. దెబ్బ మాత్రం ఒకరికే.

ఇది మన దేశానికే పట్టిన జాడ్యం కాదు. అమెరికాలో పేద పిల్లలు ముందు రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో చదివి తర్వాత విశ్వవిద్యాలయానికి మారుతుంటారు. 2004-09 మధ్య కాలేజీలు మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థే 2017లో అంచనా వేసింది. చిన్న కాలేజీ చదువును పెద్ద కాలేజీ ఒప్పుకోదు. మన దగ్గర దీనికి కులం కూడా తోడయింది. చేత్తో పని చేసేవాడి విద్యను విద్యగా అంగీకరించని బుద్ధి మనకు నిన్నటిది కాదు.

ఈ పాపంలో ఉపాధ్యాయులకు వాటా లేదా? వున్నది. "వచ్చినదే కదా, మార్కులు తేలిక" అని నేనే ఎందరినో నోరు మూయించాను. మళ్ళీ కూర్చున్న ప్రతి గంటకూ వాళ్ళు ఫీజు కట్టారనీ, ఆ గంటలో షెడ్డులో కూలి పోయిందనీ నేను లెక్కవేయలేదు.

మనం అడగవలసింది దయ కాదు. డిప్లొమాలో చదివిన ప్రతి విషయాన్నీ బీటెక్ పాఠ్యంతో విడివిడిగా పోల్చాలి. సరిపోయినచోట మినహాయించి, ఆ మేరకు ఫీజు తగ్గించాలి. మిగిలిన గంటల్లో గణితం శ్రద్ధగా చెప్పాలి. విద్యార్థి సంఘాలూ ఉపాధ్యాయ సంఘాలూ రెండు పాఠ్యప్రణాళికలనూ పక్కపక్కన పెట్టుకుని యీ పని నేడే మొదలుపెట్టవచ్చు. ఆ కుర్రవాడి నోటు పుస్తకాలు రెండూ ఇంకా నా బల్ల మీదనే వున్నాయి. నా వంతు పోలిక వాటితోనే ఆరంభిస్తున్నాను.