అభిషేక మధువు – అహింసా ధర్మం



పంచామృతాలలో తేనెకు విశిష్ట స్థానం ఉంది. తేనెతో అభిషేకించే వేళ పఠించే ఋక్కులు వాయువు, నదులు, ఓషధులు మధుమయం కావాలని ప్రార్థిస్తాయి. కానీ ఆ తేనె అభిషేక పాత్రలోనికి ఏ మార్గాన వచ్చిందన్న విచారణ భక్తులలో అరుదైపోయింది.

తేనెపట్టు ఒక మహాతపస్సు. యౌవనంలోని శ్రామిక ఈగల ఉదరం క్రింద ఉండే గ్రంథుల నుండి మైనం పలుచని రేకులుగా స్రవిస్తుంది. దానిని నోటితో నమిలి, మెత్తబరచి, ఈగలు షట్కోణాకారపు అరలను నిర్మిస్తాయి. మధ్యలో ఖాళీ మిగలకుండా, అత్యల్ప మైనంతో అత్యధిక స్థలాన్ని ఇచ్చే ఆకృతి అదే. తేనె జారిపోకుండా ప్రతి అర కొద్దిగా పైకి వాలి ఉంటుంది. కొంచెం మైనం కోసం ఈగలు దానికి అనేక రెట్లు తేనెను ఆహారంగా వ్యయం చేయాలి. ఛాందోగ్యంలోని మధువిద్య ఆదిత్యుని దేవతల తేనెగానూ, అంతరిక్షాన్ని తేనెపట్టుగానూ భావించి ఉపాసించమన్నది.

మానవునికి ఈ పట్టులో వ్యర్థమైనది లేదు. తేనె ఔషధాలకు అనుపానం. మైనం లేపనాలలో చేరుతుంది. మైనపు ప్రతిమకు మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట లోహం పోసి ఉత్సవమూర్తులను రూపొందించే 'మధూచ్ఛిష్ట విధానం' శిల్పులకు సుపరిచితం. అనగా దేవుని రూపానికి సైతం ఈగ ఋణం ఉంది.

ఇంతటి ఉపకారికి ప్రత్యుపకారం ఏమిటి? కాగడాతో పట్టును కాల్చి, గుడ్లతో, పిల్లపురుగులతో సహా పిండి తేనె తీయడం అనేకచోట్ల నేటికీ ఉంది. అటువంటి తేనె రుచికి మధురమే కావచ్చు. ధర్మదృష్టిలో అది హింసాద్రవ్యం.

తేనె తీయడమే హింస అని కొందరి వాదం. అది శాస్త్రసమ్మతం కాదు. పంచామృతానికి, మధుపర్కానికి తేనెను విధించినది శాస్త్రమే. దోషం స్వీకరించడంలో లేదు, స్వీకరించే పద్ధతిలో ఉంది. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత మధుకరాన్ని గురువుగా పేర్కొన్నాడు. పుష్పాన్ని నొప్పించకుండా కొద్దికొద్దిగా గ్రహించడమే మాధుకరీ వృత్తి. ఈగ పువ్వు పట్ల పాటించే ఆ నియమాన్ని మనిషి ఈగ పట్ల పాటించలేడా?

మార్గం ఉంది. అడవి పట్టులో తేనె ఉన్న భాగాన్ని మాత్రమే కోసి, పిల్లలున్న భాగాన్ని విడిచిపెట్టవచ్చు. పెట్టెలలో పెంచే ఈగల విషయంలో చట్రాలను యంత్రంలో త్రిప్పితే తేనె మాత్రమే వెలికి వస్తుంది. ఖాళీ పట్టు తిరిగి ఈగలకే చేరుతుంది.

అరుణాసురుని సంహరించడానికి జగన్మాత భ్రమరాలను సృష్టించి భ్రామరి అయింది. శ్రీశైలంలో భ్రమరాంబగా కొలువై ఉన్నది ఆ తల్లియే. ఆమె సంతతిని దహించి తెచ్చిన తేనెతో ఆమెకే అభిషేకం చేయడం ఎంతటి వైపరీత్యం! పూజకు తేనె కొనే ప్రతి గృహస్థుడు, ప్రతి ఆలయ నిర్వాహకుడు ఒక్క ప్రశ్న అడగాలి: "ఈ తేనె తీసిన తర్వాత ఈగలకు ఇల్లు మిగిలిందా?" ఆ ప్రశ్న కూడా అర్చనలో భాగమే.

శ్రీ భ్రమరాంబా మల్లికార్జునార్పణమస్తు.