ఐఎస్ఐ గుర్తు ఒక్కటే చాలదు

సంపాదకులకు,

గత సంచికలో పిల్లల బొమ్మలపై వచ్చిన వ్యాసం, ఐఎస్ఐ గుర్తు చూసి కొంటే ఇక దిగులే లేదన్న ధోరణిలో సాగింది. పిల్లల గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కల్ని పట్టే అసలు పరీక్ష సంగతి అందులో లేదు.

31.7 మిల్లీమీటర్ల వ్యాసం, ఒకవైపు 25.4, మరోవైపు 57.1 మిల్లీమీటర్ల లోతు, ఏటవాలు అడుగు ఉన్న చిన్న గొట్టంతో చేసే పరీక్ష అది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మ గానీ, దాన్నుంచి ఊడిన ముక్క గానీ నొక్కకుండానే అందులో పూర్తిగా ఇమిడితే ఆ బొమ్మ తప్పినట్టే. అమెరికా 1980 నుంచి అమలు చేస్తున్న కొలత ఇది. మన ఐఎస్ 9873 ప్రమాణంలోనూ ఉంది. బొమ్మను కింద పడేసి, లాగి, మెలితిప్పి మరీ చూస్తారు. ఎలుగుబంటి బొమ్మ కంటి గుండీ ఊడేది అప్పుడే కదా!

2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, నిజమే. కానీ నమోదైన హస్తకళాకారులు చేసే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్నవాటికి మినహాయింపు ఉంది. కొండపల్లి, ఏటికొప్పాక ఆ కోవలోవే. గుర్తు లేదని వాటిని నాసిరకం అనడం అన్యాయం. పరీక్షకు నిలిచాయనుకోవడమూ పొరపాటే. కొండపల్లి బొమ్మకు చేతులు విడిగా చెక్కి, చింతపిక్కల పిండి ముద్దతో అతికిస్తారు. కొలువులో పెట్టుకోవడానికి అవి అందమే, ఏడాది పిల్లాడి నోటికి అందేలా ఉంచకూడదు.

ఆ గొట్టం పరీక్ష మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకే కాబట్టి, గుర్తుతో పాటు పెట్టె మీది వయసు హెచ్చరికనూ చదవమని వచ్చే సంచికలో పాఠకులకు చెప్పగలరు.

– ఒక పాఠకుడు, విజయవాడ